మచ్చల మృగానికి తొలి పేరు

బల్లెం నీడ ఇంకా మూడు జానలుంది.

ఆ బల్లేన్ని మాంత్రికుడు అస్థిమాలి పొద్దున్నే ప్రాంగణం నడుమ పాతిపెట్టాడు. పొద్దెక్కేకొద్దీ దాని నీడ కురచవుతుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణాన ఆ నీడ బల్లెం మొదట్లోకి ముడుచుకుని మాయమవుతుంది. అప్పుడు అది వస్తుంది. నాలుగు రోజులుగా సరిగ్గా ఆ వేళకే వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఒక ప్రాణిని పట్టుకుపోతోంది.

ఎర్ర ఇసుక సముద్రం నడిబొడ్డున ఉన్న ఆ పాడునగరం ఒకప్పుడు ఏడు ప్రాకారాలతో, నూరు ద్వారాలతో వెలిగిందట. నీలి పలకలు తాపిన గోపురాల మీద సూర్యుడు పడితే పది ఆమడల దూరంలోని బాటసారికి నేల మీద రెండో ఆకాశం కనిపించేదట. ఖర్జూరపు తోటల మధ్య వెండితీగల్లా కాలువలు పారేవట. ఇప్పుడు ఆ కాలువల్లో ఇసుక పారుతోంది. గోపురాల నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా వాటిలోంచి మనిషి మూలిగినట్టు చప్పుడు వస్తుంది. ఆ ఊళ్లో కాకి లేదు, బల్లి లేదు. ఈగ కూడా లేదు. ఈగ లేని చోటు ఉంటుందని గురివి అంతకుముందెప్పుడూ అనుకోలేదు.

గురివి మకరతీర రాజ్యంలో మేకలు కాచుకునే పిల్ల. కాని ఇక్కడ ఆమెను ఆ పేరుతో ఎవరూ ఎరగరు. తలపాగా, అంగరఖా, మేకవెంట్రుకలతో అతికించిన మీసం పెట్టుకుని దుబాసీ గురవడిగా ఆమె మాంత్రికుడి కొలువులో చేరి పన్నెండు రోజులైంది. రేవులో గుడారాలు వేసుకునే ఒంటెల బిడారులకు చిన్ననాటి నుంచీ పాలు పోస్తూ పోస్తూ, వాళ్ల మాటలు వింటూ వింటూ ఎడారి భాషలన్నీ నేర్చుకుంది. మాంత్రికుడికి కావలసింది అదే.

ఆమెకు కావలసింది వేరు. ప్రాంగణం చివర రాతిస్తంభానికి వెంట్రుకల తాడుతో కట్టేసి ఉన్నవాడు మకరతీర యువరాజు ఉదయకేతుడు. గురివి తల్లి పాలు తాగి పెరిగినవాడు. నిద్రలో ఉండగా రాజభవనం నుంచి అతణ్ణి మాంత్రికుడు ఎత్తుకొచ్చాడని తెలిసిన రోజున, "ఒకే రొమ్ము తాగారు. నువ్వు కాకపోతే ఎవరు పోతారే?" అంది తల్లి. గురివి మారుమాట లేకుండా బయలుదేరింది. కట్టుబట్టల కింద ఆమె తెచ్చుకున్నది ఒక చిన్న కత్తి, నడుం ముడిలో పిడికెడు ఉప్పు. మేకల కాపరి ఉప్పు లేకుండా గడప దాటడు.

కత్తి వెంట్రుకల తాడు మీద పనిచెయ్యదని మొదటిరోజే తెలిసింది. ఆ తాడు మంత్రించినది. కట్టినవాడు చస్తేనే ఊడుతుంది.

"ఒరే దుబాసీ," అని పిలిచాడు అస్థిమాలి.

అతడు ప్రాంగణానికి ఉత్తరాన తెల్లటి బూడిదతో గీసిన వలయంలో కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నం. మెడలో రకరకాల వేళ్ల ఎముకల దండ. మాట్లాడుతుంటే నోటివెంట ఎండలో కూడా పొగలాంటిది వస్తుంది. ఆ బూడిద గీతను మృగం దాటలేదు. అందుకే నాలుగు రోజులుగా ఎవరు పోయినా అతడు మాత్రం పోలేదు.

"నిన్న నల్లకొండల ముసలాడు చెప్పిన మాట గుర్తుందా?"

"ఉంది దొరా."

"చెప్పు."

గురివి తల వంచుకుంది. ఆ మాట చెప్పినవాడు ఏమయ్యాడో ఆమె కళ్లారా చూసింది. ఎడారి దాటి, ఎర్రసముద్రం అవతల నల్లకొండల నుంచి ఎత్తుకొచ్చిన ముసలాయన ఆయన. నవ్వుముఖం మనిషి. "మా దేశంలో పసిపిల్లలు కూడా అంటారయ్యా ఈ మాట," అంటూ 'నమ్ర్' అన్నాడు గట్టిగా. నవ్వుతూనే ఉన్నాడు. నీడ మాయమైంది. ఆ తరువాత ఆ చోట ఒక చెప్పు మిగిలింది.

అస్థిమాలి తాళపత్రం పైకెత్తాడు. "చదువుతాను, విను. నీకు అర్థమైతేనే వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలవు. 'మొట్టమొదట దానికి పెట్టిన పేరుతో, అడ్డం లేకుండా ఎదురుగా నిలబడి పిలిచినవాడికి ఆ మృగం దాసోహమంటుంది.' వెయ్యేళ్లుగా ఎవడూ ఆ పేరు కనిపెట్టలేదు. ఎందుకో తెలుసా? పేరు ముక్కలైపోయింది."

అతడు ఇసుకలో నాలుగు గీతలు గీశాడు.

"ఈ ఎడారిలో మొదట ఒక తల్లి ఉండేది. ఆమెకు నలుగురు కూతుళ్లు. ఒక్కొక్కర్నీ ఒక్కో దిక్కుకు ఇచ్చింది. కూతుళ్లు సారెతోపాటు అమ్మ మాటల్ని కూడా మూట కట్టుకుపోయారు. ఒకతి మాటలు అరబ్బుల ఒంటెల మధ్య పెరిగాయి. ఒకతివి కొండగొర్రెల మధ్య పెరిగాయి. ఒకతివి రెండు నదుల నడుమ మట్టి ఇటుకల ఊళ్లలో. ఒకతివి సముద్రం అవతల. మాటకు ఎముకలుంటాయిరా దుబాసీ, మాంసం ఉంటుంది. మాంసం ఊరూరికీ మారిపోతుంది. ఎముకలు మారవు. నలుగురి నోళ్లలోంచీ ఆ మృగం పేరు రప్పించి పక్కపక్కన పెడితే, తల్లి నోటి మాట దొరుకుతుంది."

"దొరికాక?"

"దొరికాక మొదటి ఆజ్ఞగా ఆ యువరాజును తినమంటాను. రెండో ఆజ్ఞగా మకరతీరం పొమ్మంటాను." అతడు నవ్వాడు. "దొరక్కపోయినా మృగం ముందు పోయేది ఆ స్తంభం వైపుకే, ఈవేళ అక్కడ అతడు తప్ప ఇంకెవరూ లేరు. అంచేత ఎటు తిరిగీ దాని తిండి ఏర్పాటు అయిపోయింది. నువ్వు దిగులుపడకు."

బల్లెం నీడ రెండు జానలైంది.

ప్రాంగణం పడమటి గోడకు ఇనపకొంకులతో బంధించి ముగ్గురు ముసలివాళ్లున్నారు. మొదటివాడు అరబ్బు ఒంటెల బిడారు పెద్ద, హుబైర్. గీతలూ మచ్చలూ కలిసిన ముతక ఉన్ని దుప్పటి ఒకటి ఎండలోనూ ఒంటిమీంచి తియ్యడు. రెండోవాడు కొండగొర్రెల కాపరి యాదోను. మూడో ఆమె ఇటుకల ఊరి లేఖకురాలు బెల్తాని. ఆమె వేళ్ల సందుల్లో మట్టి ఇంకిపోయి చర్మం రంగయిపోయింది.

గురివి వాళ్ల ముందు గొంతుక్కూర్చుంది. విషయం చెప్పింది.

"ఆయనకు చెప్పు నాయనా," అన్నాడు హుబైర్. "మా నాన్న పేరు అడగమను, చెబుతాను. మా ఆవిడ పేరు అడగమను, సిగ్గు విడిచి అదీ చెబుతాను. ఆ చుక్కల తండ్రి పేరు మాత్రం ఈ ఊళ్లో నా నోట రాదు."

"నిన్న ఒకాయన పలికాడు, పోయాడు," అన్నాడు యాదోను. "మాకు కళ్లు లేవా?"

"మొదటిరోజు పోయిన ఒంటె ఏ పేరు పలికింది తాతా?" అంది గురివి.

యాదోను ఆమె వంక చూశాడు.

అస్థిమాలి వలయంలోంచే చెయ్యి చాచాడు. మెడలోని ఎముకలు గలగలమన్నాయి. ముసలివాళ్ల పక్కనున్న నీళ్ల తిత్తులు మూడూ వాటంతట అవే ముడుచుకుపోయాయి. లోపలి నీళ్లు చుక్క మిగలకుండా ఇసుకలోకి ఇంకాయి. ఇంకిన చోటు నుంచి పొగ లేచింది.

"పేరు చెప్పకపోతే నీళ్లు లేవని చెప్పు," అన్నాడు.

ఎండ గోడల మీద నూనెలా కారుతోంది. నాలుకలు అంగిళ్లకు అంటుకున్నాయి. చివరికి మొదట కదిలింది బెల్తాని.

"మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది బిడ్డా," అంది సన్నగా. "నోటితో అనకూడనిదాన్ని మట్టి మీద రాస్తాం. మట్టికి చెవుల్లేవు." ఆమె ఉమ్మితో గుప్పెడు మట్టి తడిపి, అప్పడంలా చేసి, గోటితో మేకుల్లాంటి గుర్తులు గుచ్చింది. బిడారుల మూటల మీది అలాంటి గుర్తులు ఎరిగిన గురివి దాన్ని చదివింది. నిమ్రు. చదవగానే బెల్తాని ఆ మట్టిని నలిపేసింది. నలిపిన పొడిని నాలుగు దిక్కులా చల్లింది.

తరువాత యాదోను ముడుచుకుపోయిన నీళ్ల తిత్తిని అందుకున్నాడు. దాని మూతిని నోటికి అదిమి పెట్టుకుని లోపలికి ఏదో గొణిగాడు. గబుక్కున మూతి బిగించి కట్టి ఆమెకు ఇచ్చాడు. "చెవి దగ్గర పెట్టుకుని విప్పు. విప్పాక ఊపిరి వదలకు. మా కొండల్లో ఇలాగే చెబుతాం." గురివి విప్పింది. తిత్తిలోంచి తోలువాసనతో కలిసి సన్నటి మాట వచ్చింది. నామేర్.

హుబైర్ వంతు వచ్చింది. అతడు దుప్పటి తల మీదుగా కప్పుకుని ఆమెను కూడా ఆ చీకట్లోకి లాక్కున్నాడు. లోపల ఒంటెవాసన. అతడి గుండె దడదడ బయటికి వినిపిస్తోంది. రెండు చేతులతో నోరు కప్పుకుని వేళ్ల సందుల్లోంచి అన్నాడు. నమిర్.

గురివి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. ఎండ కళ్లలో పొడిచింది. న, మ, ర. మూడు నోళ్లలోనూ అవే మూడు ఎముకలు. నిన్న పోయిన ముసలాయన నోట్లోనూ అవే. మాంత్రికుడు చెప్పింది అబద్ధం కాదు. ఈ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు ఎరగరు. వాళ్ల ఊళ్ల మధ్య నెలల ప్రయాణం. అయినా ఒకే తల్లి గొంతు వాళ్ల గొంతుల్లో మిగిలి ఉంది. ఇంకో సమయంలో అయితే ఆమెకు అది ఎంత అందమైన సంగతిగా తోచేదో. ఇప్పుడు మాత్రం పేరు దొరికిపోయింది. బల్లెం నీడ జానెడుంది.

"మీ దుప్పటి బాగుంది తాతా," అంది ఊరికే. "ఏమంటారు దీన్ని?"

"దీన్నా? నమిరా అంటాం." అనేసి హుబైర్ నాలుక కరుచుకున్నాడు. గోడ వైపు భయంగా చూసి గొంతు తగ్గించాడు. "ఇది వేరే. దుప్పటి మాట. మచ్చలమచ్చలుగా ఉంటుంది కదా, అందుకని. ఆకాశంలో తునకలు తునకలుగా మబ్బు పట్టినా మా ఆడవాళ్లు ఆ మాటే అంటారు. వాన వస్తుందని."

గురివి చూపు ఆ దుప్పటి మీదే నిలిచింది.

మచ్చలున్న దుప్పటి. మచ్చలున్న మబ్బు. మచ్చలున్న మృగం.

ఆమెకు తన అవ్వ గుర్తొచ్చింది. వాళ్ల మేకల మిట్ట మీద చీకటిపడ్డాక పామును పామని అనరు, పురుగు అంటారు. ఒంటి నిండా మశూచి పొక్కులు లేస్తే రోగమని అనరు, అమ్మవారు పోసిందంటారు. మేకల్ని ఎత్తుకుపోయే చిరుతను మచ్చలోడు అంటారు. ఆరేళ్ల వయసులో గురివి అడిగింది, "అవ్వా, మచ్చలోడి అసలు పేరేంటి?" అని. అవ్వ చాలాసేపు ఆలోచించింది. "అదేనే," అంది. "అదే పేరు. ఇంకోటి లేదు." అవ్వకు ఇంకో పేరు తెలియదు. అవ్వ వాళ్లమ్మకూ తెలియదు. భయానికి అడ్డంగా పట్టుకున్న మాటే పేరై కూర్చుంది. అసలు పేరంటూ ఒకటి ఉంటే అది ఏ కాలంలోనో ఎవరి గొంతులోనో చచ్చిపోయింది. లేదా ఎవరూ పెట్టనే లేదు.

ఈ మూడు ఎముకలూ అంతే. వాటి అడుగున ఇంకేమీ లేదు. నలుగురు కూతుళ్లను కన్న ఆ తొలితల్లి కూడా గుడారం మూల ముడుచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అదిగో, ఆ మచ్చలది," అని పిల్లలకు చెప్పింది. ఆమె కూడా భయపడింది.

మచ్చలోడా అని పిలిస్తే ఏ చిరుత వచ్చి కాళ్ల దగ్గర పడుకుంది?

గురివి లేచి నీళ్ల ముంత తీసుకుని స్తంభం దగ్గరకు వెళ్లింది. ఖైదీకి నీళ్లు పట్టే పని దుబాసీదే. ఉదయకేతుడి పెదవులు పగిలి ఉన్నాయి. అయినా ఆమెను చూసి కళ్లతో నవ్వాడు.

"మీసం ఎడమవైపు ఊడుతోందే చెల్లే," అన్నాడు ముంత వెనకనుంచి. "ఎండకు జిగురు కరిగినట్టుంది. యువరాజు ఆఖరిసారి చూసే మొహం కాస్త పద్ధతిగా ఉండొద్దూ?"

"నవ్వొద్దన్నా. విను. వాడు ఇంకాసేపట్లో గీత దాటి బయటికొస్తాడు. మృగం వాడి మీద పడగానే తాడు ఊడుతుంది. ఊడిందే తడవు పరుగెత్తు. వెనక్కి చూడొద్దు."

"నువ్వో?"

"నేను ఒంటెల దగ్గరకొస్తాను."

"అబద్ధం చెప్పేటప్పుడు నీ చెవి కదులుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే." అతడి కళ్లలో నవ్వు పోయింది. "గురివీ, నాకు భయంగా ఉంది."

"నాకూ," అందామె. మీసం సర్దుకుని వెనక్కి తిరిగింది.

నీడ బెత్తెడైంది.

అస్థిమాలి ముందు నిలబడి ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. ఒక్క అక్షరం మార్చలేదు. నిమ్రు. నామేర్. నమిర్. నిన్నటిది నమ్ర్. పడమటి గోడ దగ్గర ముగ్గురు ముసలివాళ్లూ చెవులు మూసుకున్నారు.

మాంత్రికుడు కళ్లు మూసుకుని మెడలోని ఎముకల్ని ఒక్కొక్కటే తడుముతూ గొణిగాడు. "న, మ, ర. చివర్లో తల్లి నోటి గాలి. నమిరు. అవును. నమిరు." ఒక్కసారిగా కళ్లు తెరిచాడు. ఆ కళ్లలో నల్లగుడ్లు లేవు. "దుబాసీ, నా వంక చూసి చెప్పు. ఇదే తొలి పేరా? దీనికన్నా పాత పేరు ఎక్కడైనా ఉందా? అబద్ధమాడితే నీ నాలుక నీ గొంతులోనే బూడిదవుతుంది."

అది బెదిరింపు కాదని గురివికి తెలుసు. పన్నెండు రోజుల్లో ఇద్దరి నాలుకలు అలా కావడం చూసింది. ఆమె అతడి తెల్లగుడ్లలోకి చూసింది.

"దీనికన్నా పాత పేరు ఏ దేశంలోనూ లేదు దొరా."

నాలుక చల్లగానే ఉంది. ఆమె చెప్పింది నిజం.

అస్థిమాలి లేచాడు. కాలి బొటనవేలితో బూడిద గీతను చెరిపాడు. అడ్డం లేకుండా ఎదురుగా నిలబడాలి కదా. గీత దాటి ప్రాంగణంలోకి నడిచి బల్లెం పక్కన నిలుచున్నాడు. నీడ రెండు వేళ్లు. ఒక వేలు. గోరంత.

నీడ పోయింది.

గాలి ఆగిపోయింది. గోపురాల మూలుగు ఆగిపోయింది. ఒంటెలు మెడలు ఇసుక మీద పరిచి కళ్లు మూసుకున్నాయి. తూర్పు గోడ మీద, ఎండ తప్ప ఏమీ లేని చోట, ఎండే చిక్కబడినట్టు ఒక ఆకారం కట్టింది. ముందు మచ్చలు వచ్చాయి. గాలిలో వేలాడే నల్లటి మచ్చలు, వందలు, వేలు. వాటి మధ్య తరువాత ఒళ్లు నిండింది. కోడెదూడంత చిరుత. చర్మం కరిగిన ఇత్తడిలా మెరుస్తోంది. ఆ మచ్చలు నిలకడగా లేవు. మెల్లగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి. అది తిన్న ప్రతి ప్రాణికీ ఒంటి మీద ఒక మచ్చ పెరుగుతుందని ఎడారిలో అంటారు. కుడి భుజం మీద కొత్త మచ్చ ఇంకా తడిగా ఉంది. చూస్తే నవ్వుముఖంలా ఉంది.

అది గోడ దిగింది. అడుగుల చప్పుడు లేదు.

"నమిరూ," అని పిలిచాడు అస్థిమాలి.

మృగం ఆగింది. తల పక్కకు వాల్చింది. గురివి ఆ వాలిన తల వంకే చూసింది. తను పొరబడిందా? మాంత్రికుడు విజయంతో చెయ్యి స్తంభం వైపు చాచాడు.

"నమిరూ, నా మొదటి ఆజ్ఞ..."

వెయ్యేళ్లుగా ఆ మృగం ఆ మాట వింటూనే ఉంది. గుడారాల వెనక, పొదల మాటున, తల్లుల గొంతుల్లో, చచ్చేవాళ్ల నోళ్లలో. దానికి తెలిసినంతవరకూ అది భయం చేసే చప్పుడు. తిండి దగ్గరలో ఉందని చెప్పే చప్పుడు.

అది దూకింది.

మాంత్రికుడు అరవలేదు. అరవడానికి సమయం లేదు. ఎముకల దండ తెగి ఇసుక మీద చెదిరింది. మృగం అతణ్ణి నోట కరిచి ఒక్క విదిలింపు విదిలించింది. అంగరఖా చిరిగి లోపల్నుంచి జలజలా రాలింది బూడిద. రక్తం లేదు, మాంసం లేదు. ఎన్నేళ్ల కిందట చచ్చాడో ఆ మనిషి, మంత్రంతో నిలబెట్టిన తొడుగు తప్ప లోపల ఏమీ మిగల్లేదు. మృగం దగ్గింది. బూడిద ఉమ్మింది. ముంగాలితో మూతి రుద్దుకుంది. దాని ఒంటి మీద కొత్త మచ్చ పుట్టలేదు.

అంటే ఈవేళ్టి ఆకలి తీరలేదు.

స్తంభం దగ్గర వెంట్రుకల తాడు జారి పడింది. "పరుగెత్తన్నా," అంది గురివి. ఉదయకేతుడు ఒక అడుగు వేశాడు. ఇన్ని రోజులు కట్టేసి ఉన్న కాళ్లు మాట వినలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. మృగం అటు తిరిగింది. తొందర లేదు దానికి. పొట్ట నేలకు ఆనించి, తోక కొన మాత్రం ఆడిస్తూ అతడి వైపు సాగింది.

గురివి వాళ్లిద్దరి మధ్యకు వెళ్లి నిలబడింది. కత్తి తియ్యలేదు. అంత మృగానికి ఆ కత్తి పుల్ల పాటి చెయ్యదు.

దానికి పదడుగుల దూరంలో నిలబడి, పారిపోయే దారి లేక, జీవితంలో మొదటిసారి ఆమె దాన్ని సరిగా చూసింది. మచ్చల్ని కాదు. మచ్చల్ని అందరూ చూశారు. నాలుగు దేశాలవాళ్లూ మచ్చలే చూసి, మచ్చలే చెప్పి పారిపోయారు. మేకల్ని కాచేవాడు మందలో ఏ మేక ఏదో తెలుసుకోవాలంటే రంగు చూడడు. ముందు చెవి చూస్తాడు. దాని ఎడమ చెవి చినిగి ఉంది. ఎప్పటిదో పాత చిరుగు, అంచులు ముడుచుకుని మానిపోయింది. చిన్నప్పుడు ముళ్లకంపలో దూరిన మేకపిల్లలకు పడే చిరుగు లాంటిదే.

తాళపత్రంలోని మాట ఆమె చెవిలో మోగింది. మొట్టమొదట దానికి పెట్టిన పేరు. ఎవరూ పెట్టలేదు. ఇంకా పెట్టలేదు.

మేకల మిట్ట మీద పేరు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఈనిన తొమ్మిదో రోజున మేకపిల్ల ముందు కూర్చుని అరచేతిలో ఉప్పు పెట్టి చూపాలి. అది వచ్చి నాకేదాకా కదలకూడదు. నాకుతుండగా దాని చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. చెప్పేటప్పుడు చెయ్యి వణికితే ఆ పేరు అంటుకోదు.

గురివి నడుం ముడి విప్పింది. ఉప్పంతా కుడిచేతిలో పోసుకుంది. ఇసుకలో గొంతుక్కూర్చుని చెయ్యి చాచింది.

"నాయనా, వద్దు," అన్నాడు హుబైర్ గోడ దగ్గర నుంచి. అతడి గొంతు మేకపిల్ల అరుపులా సన్నబడింది.

చెయ్యి వణుకుతోంది. ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుంది. అదీ వణికింది. మోచేతిని మోకాలికి ఆనించింది. మందలోని మొదటి మేకను తలచుకుంది, రెండోదాన్ని తలచుకుంది, ఒక్కొక్కదాని చెవీ గుర్తు చేసుకుంది. పదకొండో మేక దగ్గర చెయ్యి నిలిచింది.

మృగం వచ్చింది. దాని ఊపిరి పొయ్యి మూత తీసినట్టు తగిలింది. ఒంటి మీది మచ్చలన్నీ ఒక్కసారి తెరుచుకుని ఆమెను చూశాయి. వాటిలో నవ్వుముఖం ముసలాయన ఉన్నాడు, ఇంకెవరెవరో ఉన్నారు. ఆమె వాటి వంక చూడలేదు. చినిగిన చెవినే చూసింది. ఆకురాయి లాంటి నాలుక అరచేతిని తాకింది.

ఆమె చెవి దగ్గరకు వంగింది.

"చింకీ," అంది. "చింకీ. చింకీ."

మచ్చలు మూసుకున్నాయి. అన్నీ, ఒక్కొక్కటే, నిద్రపోయే పిల్లల కళ్లలా. మృగం ముంగాళ్లు మడిచి ఆమె ఎదుట ఇసుకలో పడుకుంది. బల్లెం మొదట్లోంచి ఇవతలి వైపుకు గోరంత నీడ మొలిచింది. గోపురాల్లోకి మళ్లీ గాలి వచ్చింది.

ఎంతసేపటికో బెల్తాని మాట వినిపించింది. "ఏమన్నావు బిడ్డా దానితో? ఆ మాట ఏమిటి? మేం ఎన్నడూ వినలేదే?"

"పేరు అవ్వా," అంది గురివి. మీసం ఎప్పుడు ఊడి పడిందో ఆమెకు తెలియదు.

వెనకనుంచి ఉదయకేతుడు పాకుతూ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. అతడి మొహంలో ప్రాణం దక్కిన సంతోషం లేదు. చిన్నప్పుడు వాళ్ల గుడిసెలోనే పెరిగినవాడు, మిట్ట మీది కట్టుబాట్లన్నీ తెలిసినవాడు. మెల్లగా అడిగాడు.

"చెల్లే, మన ఊళ్లో పేరు పెట్టినవాళ్లే కదా మేపాలి?"

గురివి చెయ్యి వెనక్కి తీసుకుందామని చూసింది. మృగం ముంగాలు ఆమె మణికట్టు మీద వేసింది, గోళ్లు లోపలికి ముడుచుకుని, చాలా మెత్తగా.

అరచేతిలో ఉప్పు అయిపోయింది. నాలుక ఆగలేదు.